సంతకాల శనివారం

మా గోల్‌కీపరు పేరు ఢిల్లేశ్వరి.
పేరులో ఢిల్లీ ఉంది గాని
ఆ గుంట పలాస స్టేషను దాటింది నాలుగుసార్లే,
నాలుగుసార్లూ మాతోనే, జనరల్ బోగీలో,
బంతుల వలసంచి మీద తల పెట్టుకుని.

మొన్న బరంపురంలో రెండు పెనాల్టీలు ఆపింది.
ఆ వారం నుంచీ రైల్వే గ్రౌండు గోడ పక్కన
తెలియని మోటారు సైకిళ్లు ఆగుతున్నాయి.

విశాఖ కాలేజీ వాళ్లు బూట్లు తెచ్చారు, ఒక సైజు పెద్దవి.
బరంపురం వాళ్లు ఒడియాలో మొదలెట్టి తెలుగులో బతిమాలారు.
విజయనగరం నుంచి వచ్చినాయన ఏమీ తేలేదు.
పొద్దుటి నుంచి మెట్టు మీద కూచుని చూశాడు.
ఆ రోజే ఢిల్లి ఒక చచ్చు బంతిని
కాళ్ల సందులోంచి వదిలేసింది.
"హాస్టల్లో రోజూ గుడ్డు పెడతాం" అని మాత్రం చెప్పి
ప్యాసింజరుకి టైమైందని పరిగెత్తాడు.

నేను స్టాపర్ బ్యాక్‌ని. నాలుగో నంబరు.
ఢిల్లి దాకా రాకుండా నేను ఆపిన బంతులు
ఏ కాగితంలోకీ ఎక్కవు.
ఒకాయన నన్ను పిలిచాడు కూడా,
"పాపా, కీపరు ఇల్లెక్కడ?"
చూపించాను.
కుడిచేతి వైపు, జీడిపిక్కల బట్టీ వెనక.

శనివారం సాయంత్రం ఐదుకి ఆఖరు, అన్నారు మేస్టారు.
స్పోర్ట్స్ కోటా కాగితం మీద
పిల్లది ఒక సంతకం, తల్లిది ఒకటి.
ఆ వారం ఊళ్లో అందరూ కోచ్‌లే.
టీకొట్టు సింహాద్రి "విశాఖ, ఇంకేటి!" అంటాడు.
సైకిలు షాపాయన దగ్గరని బరంపురం అంటాడు.
ఢిల్లి బంతిని గోడకి కొట్టి పట్టుకుంటోంది,
కొట్టి పట్టుకుంటోంది.

బుధవారం రాత్రి దాలమ్మత్త చేతులు చూశాను.
ఇరవై రెండేళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులు.
సొన తినేసిన బొటనవేలు
మహేంద్రతనయ ఏట్లో గులకరాయిలా నున్నగా.
రేషను మిషను కూడా ఆవిడని గుర్తుపట్టదు.
"మనిసిని ఎదరే ఉన్నాను గదా అంతే
మిషను కాదంతాది" అని నవ్వింది.
నవ్వు ఆపి,
"ఈ కాయితమూ కాదంతే ఏటి సేత్తాం?"

మూడు రాత్రులు.
నా లెక్కల పుస్తకం అట్ట వెనక
దా. ల. మ్మ.
దా వచ్చింది. ల వచ్చింది, పడవలా ఒరిగి.
మ కింద మ దగ్గర ఆగిపోయాం,
లాంతరు పురుగులు పుస్తకమంతా నడిచేదాకా.
ఢిల్లి పక్కనే నిద్ర నటిస్తోంది,
చేతులు గుండె మీద, బంతిని పట్టుకున్నట్టే.
ఆ గుంట వెళ్లిపోతే
మా జట్టు సంగతేమిటో నాకు తెలియక కాదు.
తెలిసే, ఒత్తు ఇలా తిప్పాలత్తా, అన్నాను.

శనివారం. ఐదుకి పది నిమిషాలు.
స్టాఫ్ రూములో మూడు కుర్చీలు, మూడు పెన్నులు.
ఢిల్లి బూట్ల పెట్టె తిరిగిచ్చేసి
మెట్టు మీద కూచున్నాయన ముందు నిలబడింది.
ఎందుకే, అన్నారు మేస్టారు.
"నేను వదిలేసిన గోలు కూడా ఈయన చూసేరండి."

దాలమ్మత్త పెన్ను పట్టింది, సుత్తి పట్టినట్టు.
దా. ల. మ.
కింది మ రాలేదు.
"ఇది మీ పేరేనా అమ్మా?" కాగితం తిప్పి చూశాడాయన.
"నాదే బాబూ. కొంచిం మిగిలింది.
మల్లీసారి రాత్తాను."

ఆదివారం ప్యాసింజరులో కిటికీ సీటు దొరికిందట.

సోమవారం పొద్దున్న మంచు. గోల్ ఖాళీ.
మేస్టారు అందర్నీ వరసగా చూసి
గ్లవ్స్ నా వైపు విసిరారు.
లోపల దాని చెమట వాసన,
కొంచెం జీడిసొన.
ఎడమది బిగుతు.