మన్నించే ఇనుము

దస్తగిరి గుజిరీ అంగట్లో
కాలిపోయిన బోరుమోటార్లకూ రెక్కలు లేని ఫ్యాన్లకూ నడుమ
గోనెసంచిలో రెండు కట్టలు.
బెంగళూరులో ఏదో క్లబ్బు సామాను వేలమేస్తే
లారీ ఎక్కి గుంతకల్లుకు వచ్చినాయంట.

"ఇది చూడు సామీ" అని మొదటి కట్ట విప్పినాడు.
సన్నటి అంచు, నున్నటి వెన్ను,
మొహం చూసుకోవచ్చు అందులో.
పట్టుకుంటే నా చెయ్యే మంచి చెయ్యి అనిపించింది.

ఆ జాతి నాకు తెలుసు.
నడిమధ్య తగిలితే వెన్న.
గోరంత అటో ఇటో అయిందా,
మోచేతిదాకా కరెంటు కొట్టి
బంతి పోయి కంపచెట్లలో పడుతుంది,
మేకలకాడి పిల్లోడు పడీపడీ నవ్వుతాడు.

ఇరవై ఎనిమిది నా హ్యాండిక్యాపు.
రైల్వే మైదానంలో తొమ్మిది గుంతలు. గడ్డి ఊసే లేదు,
ఎర్రమన్ను, జెండా చుట్టూ పాత ఇంజినాయిలు కలిపిన ఇసక.
ప్రతి గుంత దగ్గరా బాకీ పడే లేచొస్తాను.

రెండో కట్ట వికారంగా ఉంది.
మొద్దు తలలు. అట్లకాడంత వెడల్పు అడుగు,
మన్నులో దిగబడకుండా జారిపోయే రకం.
వెన్ను తవ్వి బరువంతా చుట్టూ అంచులకు తోసినారు.
మెడ దగ్గర తల ఒకింత వెనక్కి జరిగి ఉంది,
తొందరపడే చేతికి
రెప్పపాటు గడువిచ్చినట్టు.

తిప్పి చూసినా.
ఆట వచ్చినోడి ఇనుము ఒక్కచోటే అరుగుతుంది,
రూపాయి బిళ్ళంత.
ఈ ఏడో నంబరుకు గాటు లేని చోటేది?
మడమన, కొసన, ఆఖరికి మెడ మీద కూడా ఒక తెల్లమచ్చ.
ఎవడో, ఏ ఊరోడో,
ఎన్నేళ్లు కొట్టినా రెండుసార్లు ఒకేచోట కొట్టలేకపోయినాడు.
మానుకోనూ లేదు.
రబ్బరు పట్టు మీద వాని బొటనవేలి గుంత.
నా వేలు పెడితే సరిపోయింది.

ఇరవై ఆరేళ్లుగా గూడ్సు నడుపుతాండా.
ఎర్రదీపాన్ని ఒక్క గజం దాటితే
అంతకుముందు ఆగిన వెయ్యి దీపాలూ లెక్కలోకి రావు.
సంజీవప్ప డోన్ అవతల ఒక్క కునుకు తీసినాడు.
ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క చక్రం పట్టా దిగలేదు.
ఇప్పుడు స్టేషను ఎదురుగా జిరాక్సు అంగడి.
నన్ను చూస్తే టీ చెప్తాడు,
బండ్ల మాట ఎత్తడు.

"మెరిసేదే తీస్కో సామీ, వెయ్యి తగ్గిస్తా."
"ఈ మొద్దుదానికి ఎంత?"
దస్తగిరి నన్ను ఎగాదిగా చూసినాడు.
వేలిగోటితో తలలన్నీ తట్టి విన్నా,
చక్రాల మీద సుత్తి వేసి వినే అలవాటు.
పగుళ్లు లేవు. ఆరో నంబరులో మాత్రం
లోపల ఏదో గులకరాయి కదిలినట్టు చప్పుడు.
అయిదోది అసలు లేనే లేదు.
పోనీ, అంత పొడుగుది నా చేతికి ఎట్లాగూ లొంగదు.
నాలుగున్నర వేలకు తెగింది.

తెల్లారి మొదటి దెబ్బ మడమకే తగిలింది.
చెయ్యి జలదరించలేదు.
బంతి నేను చూసిన దిక్కుకు పోలేదు, నిజమే,
ఎగిరింది కూడా అంతంతే,
కంపచెట్లు దాటి పడింది.
పిల్లోడు నవ్వినాడు. మేకలు తల ఎత్తలేదు.

డ్యూటీ దిగి సంజీవప్ప అంగడికి పోయినా,
ఏడో నంబరు చంకలో పెట్టుకుని.
"ఆదివారం మైదానానికి రా."
"నాకు రాదబ్బా అది."
"రానోళ్ల కోసమే చేసినారు దీన్ని."
మిషను మూత వేసినాడు.
చేతుల నలుపు లుంగీకి తుడుచుకుని
ఇనుము అందుకున్నాడు,
బోర్లించి
ఆ గాట్లను ఒక్కొక్కటే వేలితో తడమబట్టినాడు.
టీ చల్లారిపోయింది.