కుందేలు 17, మూడో నెత్తురు

మైనస్ ఇరవై ఫ్రీజరులో, మంచు పట్టిన అట్టపెట్టెలో
ఎవరిదో గుండ్రటి చేతిరాత:
కుందేలు 17, మూడో నెత్తురు.
గొట్టం అడుగున
చీమ తాగి మిగిల్చినంత.

రాసినామె పేరు వరూధిని అంటారు.
నేను చేరేనాటికే థీసిస్ కట్టేసి వెళ్ళిపోయింది.
హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆమె అద్దెకున్న గది
ఇప్పుడు మొబైల్ కవర్ల దుకాణం.
కుందేలు అంతకంటే ముందే పోయింది.
మిగిలింది ఈ తడి,
తడిలో ఒక జ్ఞాపకం,
తానెన్నడూ చూడని శత్రువు ముఖం.

శత్రువేమీ కాదు పాపం.
ఆకలేసిన కణం తనలోని పాత సామాను
సంచిలో మూటగట్టి, కరిగించుకు తింటుంది.
ఆ సంచి పొరకి అంటుకునే చిన్న ప్రోటీన్.
కుందేలు ఒంట్లోనూ దాదాపు అలాంటిదే ఉంది.
అయినా దాని ముక్కనే సూదిలో ఎక్కించి
ఇది పరాయిది అని చెప్పారు.
నమ్మింది.

నిన్న పొద్దున కణాలకి సీరం తీసేశాను.
రెండు గంటలు పస్తు.
జంతుశాల పోశెట్టి, రిటైర్మెంటు కాగితం మీద
సంతకం కోసం వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.
"ఏం జేస్తున్నవ్ మేడం?"
చెప్పాను, నాకు చేతనైన తెలుగులో.
కాసేపు ఆలోచించి,
"పస్తులుంటే మనిషి గూడ ఇంట్ల గిన్నెలే ముందు అమ్ముకుంటడు గదా.
మా అవ్వ రాగి గంగాళం
జుమ్మెరాత్ బజార్ల తూకానికేసినం.
ఆ నెల బతికినం."

మూడేళ్ళుగా నేను చూపించిన స్లైడుల్లో
ఒక్కటీ అంత సూటిగా చెప్పలేదు.

కంపెనీ యాంటీబాడీ కూడా ఉంది.
డ్రై ఐస్‌లో దిగింది, ముప్పై ఎనిమిది వేలు.
ఫంక్షన్ హాల్లో తాగొచ్చిన మేనబావలా
ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ కౌగిలించుకుంటుంది.
పొర నిండా చారలు.

అందుకే పదిహేడు.
పొరకి ముందు పాలు పట్టాను,
ఉప్పల్ రోడ్డు కిరాణాలో కొన్న పాలపొడి, ఐదు శాతం,
ఖాళీలు నిండితే అబద్ధాలు అంటవు.
ఆ చివరి చుక్క కలిపి
చల్లగదిలో ఊగే బల్ల మీద పెట్టి వచ్చేశాను.

రాత్రి వాన. తార్నాకలో కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది.
జనరేటర్ అందుకుందో లేదోనని
మూడింటికి వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను.
వెళ్ళి చూసొచ్చి
"ఊగుతుందమ్మా," అన్నాడు,
ఉయ్యాల్లో బిడ్డ సంగతి చెప్పినట్టు.

ఇవాళ చీకటిగదికి పోశెట్టిని రమ్మన్నాను.
ఎర్ర బల్బు కింద, డెవలపర్ వాసనకి తువ్వాలు అడ్డంపెట్టుకుని,
"పదిహేడా? ఎడమ చెవి కొస చిరిగుండె.
కొత్తిమీర కట్ట విప్పితే సాలు, గంతులే.
నెత్తురు తీసే రోజు నరం దొరకక నాలుగుసార్లు పొడిచిన్రు.
నేనే పట్టుకున్న.
కదల్లే."

ఫిల్మ్ తొట్టిలో తేలింది.
ముందు ఏమీ లేదు.
తర్వాత, తిండి దొరికిన కణాల వరసలో
పై గీత గట్టిగా, కిందిది ఉందో లేదో అన్నట్టు.
పస్తున్న వరసలో కింది గీత
చిక్కగా, వేలితో కాటుక దిద్దినట్టు.
చుట్టూ ఒక్క మచ్చ లేదు.

"గంతేనా?" అన్నాడు పోశెట్టి.
అంతే.

అంచులు పట్టుకుని, మోచేతి దాకా నీళ్ళు కారుతుండగా
ఫిల్మ్‌ని బల్బుకెత్తి చాలాసేపు చూశాడు.
"గుర్తువట్టింది," అన్నాడు.

ఖాళీ గొట్టం ఏం చేస్తారని అడిగాడు.
నిబంధన ప్రకారం పసుపు సంచిలో వెయ్యాలి.
అది బల్ల మీదే ఉంది.
నేను అటు తిరిగి
కావలసినదానికంటే ఎక్కువసేపు
చేతులు కడుక్కున్నాను.