పొక్కల్లేని రొట్టె

కిషన్‌పుర మూలమీద నా మిర్చి బండి.
నాలుగైతే నూనె కాగుతది,
ఆరైతే హాస్టల్ పోరలు గుమిగూడుతరు,
తొమ్మిదింటికి మిగిలేది నేనూ, మాడిన జల్లిగంటె.

సుప్రజ గిరాకీ అంత పోయినంకనే వచ్చేది.
టెర్నోపిల్ల నాలుగేండ్లు డాక్టరు చదువు చదివి
సగంల తిరిగొచ్చిన పిల్ల.
ఇప్పుడు చౌరస్తా దవాఖానల రాత్రి డ్యూటీ,
సెలైన్ సీసలు మారుస్తది,
ఎవరన్న డాక్టరమ్మా అంటె తలకాయ దించుకుంటది.

ఒకనాడు సంచిల రెండు కిలోల ఆలుగడ్డలు తెచ్చింది,
లక్ష్మీపురం మార్కెట్ల ఏరేరి కొన్నయి, మట్టి ఇంక ఆరలే.
"కనుకవ్వా, నీ పెనం ఒక గంట ఇస్తవా?"
"ఇస్త గని, బజ్జీలకైతె చక్రాలు కోయాలె గదా."
"కొయ్యద్దు. తురమాలె. సన్నగ.
ఏడుపొచ్చేటంత సన్నగ."

మొదటి గడ్డకు నవ్వింది, మూడోదానికి చెమట,
ఐదోదానికి వేలి గెనుపు తోలు లేచింది.
"హలీనా అనేది, ఆమె ఇంట్లనే నేను కిరాయికుండేది,
వేలి తోలు జర పడకపోతె డెరూనీ కాదట,
ఉత్త ఆలు రొట్టెనట."
పసుపు అద్దిన. ఏం మాట్లాడలే.

ఉల్లిగడ్డ తురిమి వెంటనే కలపాలె,
లేకుంటె గడ్డ నల్లబడ్తది.
బట్టల మూటగట్టి పిండాలె.
ఒక గుడ్డు, పిరికెడు పిండి, ఉప్పు.
"కారం?"
"ఉండది."
"జీలకర్ర?"
"ఉండది కనుకవ్వా."
గిదేం వంటనే తల్లీ, బాలెంత పథ్యమా
అనుకున్న లోపల.

పెనం మీద పెట్టి అరచేత్తోని అద్దుతుంటె
మా అవ్వ సర్వపిండి యాదికొచ్చింది.
నా వేలు ఊకుంటదా,
నడిమిట్ల ఒక పొక్క పొడిచిన, నూనె దిగాలె గదా.
"పొక్కలద్దు!" అని ఒక్కటే అరుపు.
నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది ఇద్దరికీ.
ఆ పొక్క రొట్టె నా పళ్లెంలనే వేసింది.

అప్పుడే పెద్ద దవాఖాన దిక్కు
అంబులెన్సు ఉరికింది, కూత పెట్టుకుంట.
సుప్రజ చెయ్యి దిగ్గున పోయి
నా స్టవ్వు బందు చేసింది.
తలకాయ ఎత్తలే, కండ్లు ఎటూ తిప్పలే.
చెయ్యే. ఒట్టి చెయ్యే.
కూత సన్నబడి, చౌరస్తా దాటి, వినరాకుంట పోయింది.
పెనం మీద నాలుగు రొట్టెలు
ఒకదిక్కు ఎర్రగ, ఒకదిక్కు పచ్చిగ.

"అక్కడ గంతే" అన్నది జరసేపటికి.
"కూత ఇనవడంగనే మొదలు గ్యాసు బందు,
తర్వాత మెట్లు దిగుడు.
నేను బార్డరుకు బయలెల్లిన పొద్దు
గిన్నెల తురుము గట్లనే ఉండె.
ఉల్లిగడ్డ ఇంక కలపలే."

అగ్గిపుల్ల గీసిన.

పుల్లటి మీగడ ఉండాల్నట మీద, యాడ దొరుకుతది?
బట్టల వేలాడదీసిన గట్టి పెరుగు పెట్టింది.
ఆటో రాజమౌళి వచ్చి
కారం లేదు, గీరం లేదు అనుకుంట నాలుగు తిన్నడు,
నంజుకోను మిర్చి అడిగి, మిర్చి పైసలే ఇచ్చిపోయిండు.

ఫోటో తీసి హలీనాకు పంపింది.
ఒక్క గీత పడ్డది.
అక్కడ కరెంటు ఏ యాళ్లకొస్తదో.
ఫోను పెరుగు గిన్నెకు ఆనిచ్చి నిలబెట్టి
గిన్నెలు తోమింది, పెనం తుడిచింది,
డ్యూటీకి పోయేటప్పుడు మళ్లొకసారి చూసింది.

పిండిన నీళ్లు పారబోద్దామని గిన్నె వంచిన.
అడుగున తెల్లగ, సున్నం తీరు పేరుకున్నది.
పారబొయ్యబుద్ధి కాలే.
తెల్లారి నీళ్లల కలిపి కాచి
నా నేత చీరకు గంజి పెట్టిన.

మూడు దినాలాయె కట్టుకోబట్టి.
నూనె ముంగట కూసున్నా మడత పోతలేదు.
లేస్తె, వంగితె
సర్రుమని చప్పుడు.