తాడు ఒరిసిన చోట

ఆదివారం పొద్దుగాల
నాంపల్లి స్టేషన్ ముందల బస్సెక్కినం.
మనిషికి పన్నెండు వందలు, పగటి బువ్వ అండ్లనే.
ఆఫీసోళ్లం పద్నాలుగు మందిమి.
అకౌంట్స్ సుకన్య మేడం ఎండకని టోపీ కూడ తెచ్చుకున్నది.

పట్నం అంచున జాగీర్దారు మామిడితోట,
తోట నడుమ మహల్.
మూడు వందల ఎకరాలంట ఒకప్పుడు.
ఇప్పుడు పదకొండు మిగిలినయి.
చుట్టూత లేచిన అపార్ట్‌మెంట్లు
బాల్కనీలల్ల లుంగీలు ఆరేసుకొని
మా దిక్కే తొంగి చూస్తున్నయి.

గైడు పోరని పేరు మబ్రూక్.
ఉంగరాల జుట్టు, మెడల కార్డు, చేతుల చిన్న మైకు.
"ఏ ఊరు బాబూ మీది?" సుకన్య మేడం అడిగింది.
"ఏసీ గార్డ్స్, మేడం."
"కాదు, అసలు ఏ ఊరు?"
"ఇదే ఊరు, మేడం."

అద్దం బెల్జియంది. పాలరాయి ఇటలీది.
టేకు బర్మాది.
అన్నీ ఏడికెల్లి వచ్చినయో రాసిపెట్టున్నది.
గుర్రాల కొట్టం గోడకు ఏడు పేర్లు:
దిల్బర్, బిజిలీ, షబ్నం...
పిల్లలు గట్టిగ చదివి నవ్విన్రు.

దావత్ హాల్ల పైన పంఖా.
ఎర్ర మఖ్మల్, అంచుకు జరీ కుచ్చులు,
పడవ తెరచాపంత.
అందరు దాని కింద నిలవడి ఫోటో దిగుతున్నరు.
నేను తాడు ఎంబడి పోయిన.
గోడల ఒక బొక్క. తాడు అవతలికి పోతది.
బొక్క కింది అంచున రాయి అరిగి గాడి పడ్డది.
నా చిటికెన వేలు సరీగ పట్టింది.
రోలు లోపటి నునుపు.

ఎన్ని ఎండకాలాలు గుంజితె
రాయి ఒక వేలు మందం అరుగుతది?
ఇంజనీరింగ్ చదివిన. లెక్క కట్ట వశం గాలే.

గోడ అవతల అర్ర. కిటికీ లేదు, తాళం ఉన్నది.
పెండ్లిళ్లకు కిరాయికిచ్చే కుర్చీలున్నయంట అండ్ల.
"ఇది గుంజినాయన పేరేంది?"
మబ్రూక్ మైకు బందు జేసిండు.
మైకు బందైనంక ఆ పిలగాని గొంతు
మా గల్లీ గొంతే.

"కాగితంల లేదక్కా.
పగలొకరు, రాత్రొకరు.
బొటనవేలికి తాడు కట్టుకొని, ఎల్లెలుకల పండుకొని గుంజేటోళ్లంట.
కన్నంటితే మొఖాన నీళ్లు గొట్టేటోళ్లంట.
నాకిచ్చిన స్క్రిప్టుల ఇదంత ఉండదు.
మా ముత్తాతకు తాత బల్లెం పట్టుకొని
ఈ దర్వాజా కాడనే నిలవడ్డడు.
పడవల తెచ్చిన్రు. ఏ రేవుల ఎక్కించిన్రో ఎవరికి తెల్వదు.
ఆయన పేరే నాకు పెట్టిన్రు.
ఆ పేరు కూడ కొన్నోళ్లు పెట్టిందే."

మా నాయినమ్మ బాలమల్లవ్వ
నల్గొండ దిక్కు ఇసొంటి తోటలనే
మామిడి మొక్కలకు కడవలతోని నీళ్లు మోసింది,
వెట్టికి.
ఆమె ఏనాడు చెప్పలే. మేనత్త చెప్పింది, ఆమె పోయినంక.
మామిడిపండు ముట్టకపోయేది.
షుగరేమో అనుకున్నం.
ఇదంత మబ్రూక్‌తోని అందామనుకున్న.
గంట గొట్టిన్రు, బువ్వకు.

బగారన్నం, దాల్చా, ఖుబానీ.
రెండో వాయి వడ్డించంగ కరెంటు పోయింది.
కాగితం ప్లేట్లు ఇసురుకుంట సుకన్య మేడం అన్నది:
"అబ్బ, ఎవరన్న జర ఆ పంఖా గుంజుండ్రి!"
అందరు నవ్విన్రు.
నా మూతి కూడ నవ్వింది, నన్నడగకనే.
మబ్రూక్ ఒంగి నీళ్ల బాటిళ్లు పంచుతున్నడు.

గేటు కాడ తోట పండ్లు, కిలో రెండు వందలు.
రెండు కిలోలు కొన్న.
రాత్రి కోసిన. తియ్యగున్నయి,
ఎక్కడ పులుపన్నది లేదు.
ఇంకొకటి కోసిన.

"ఏం జూసొచ్చినవమ్మా?" బిడ్డ అడిగింది,
టెంక చీక్కుంట.
ఏం జెప్పాల్నో అని నోరు తెరిస్తే
ఏడు గుర్రాల పేర్లు
వరుస తప్పకుండ బయటికొచ్చినయి.