దోసెడు చేపలు

ఏడాదికోసారి ఒక కాగితం వస్తుంది టొవేరా ఎంఫాండేకి.
వెయ్యిన్నీ ఇరవై నాలుగు అంకెలకి శిస్తు.
భూమి లేదు, సర్వే రాయి లేదు,
తొక్కి చూసుకోడానికి గట్టయినా లేదు.
అయినా పట్టా ఉంది.
పట్టా రాసే పుస్తకం ఎక్కడో ఉంది.
అందులో తన పేరు చెరిగిన రోజు
న్ఖాటా బే కొండమీది టవరు
ఉత్త ఇనుము.

ఆసుపత్రి, రెండు బళ్లు, పడవల రేవు,
బాకీ తీర్చని లాడ్జి ఒకటి,
ఇంతే ఆమె రాజ్యం.
డీజిలు కొనగా మిగిలినదాంట్లోంచి
శిస్తు కట్టింది. రసీదు మడిచి
కొడుకు వోంగాని స్కూలు ఫీజు రసీదు పక్కనే పెట్టింది.

కిగాలీలో సభ్యుల సభ.
గాజు గోడలు, చెమటపట్టిన నీళ్ల సీసాలు.
ప్రభుత్వాల మనిషి లేచాడు:
"ఇది దేశాల ఆస్తి. ఖర్చు ఖజానా భరిస్తుంది, మాకప్పగించండి."
కంపెనీల మనిషి లేచాడు:
"ఇది సరుకు. సంతలో పెట్టండి, ధరే ధర్మం చెప్తుంది."
వకీలు లేవలేదు.
కూర్చునే, కోర్టు స్టే ఉందని గుర్తు చేశాడు.

టీ విరామంలో ఒకాయన, మంచి బూట్లు,
మెత్తగా అడిగాడు:
"మీ ఓటు మాకు రాసివ్వండమ్మా,
మూడేళ్ల శిస్తు మేం కట్టేస్తాం.
అంత దూరం నుంచి రావడం ఎందుకు మీకు?"

ఆమెకి సరస్సు ఒడ్డు గుర్తొచ్చింది.
పడవల లెక్క రాసే ముసలి చియుమియా.
ఎవరి వలకన్ను ఎంత, ఎవరు ఏ రాత్రి దిగారు,
అన్నీ అతని నోటుబుక్కులోనే.
తెల్లారగానే ప్రతి పడవా
దోసెడు ఉసిపా చేపలు అతని బుట్టలో పోసేది.
పెద్ద పడవా దోసెడే, చిన్న పడవా దోసెడే.
అందుకే అతను ఎవరి మనిషీ కాదు.

ఇంతవరకు చెప్పి కూర్చోవచ్చు,
చప్పట్లు కూడా కొడతారు.
కానీ ఒక ఏడు సరస్సు మొహం చాటేసింది.
బుట్ట ఎండింది. ముసలాయన
మూడు మోటార్లున్న వాడింట్లో న్సిమా తిన్నాడు.
తప్పేం లేదు, ఆకలి.
మరుసటి వారం పుస్తకంలో
సన్నకన్ను వల ఒకటి పెద్దకన్ను అయింది.
ఉప్పు తిన్న చెయ్యి తప్పు రాయడం నేర్చుకుంది.

మంచి బూట్లాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.
"రాసివ్వను," అంది టొవేరా.
"పుస్తకం మీదీ కాదు, నాదీ కాదు.
రాసేవాడి తిండి మాత్రం అందరిదీ అవాలి.
చేపలు పడని ఏడు ఎలాగన్నది
నాకూ తెలీదు. అది మాట్లాడదామనే వచ్చాను."

తలలు లెక్కపెట్టారు.
కోరానికి ముగ్గురు తక్కువ.
ఆ ముగ్గురూ ఎక్కడ, ఎవరి టీ తాగుతున్నారో.
మళ్లీ మార్చిలో అన్నారు.

బస్సులు మారి మారి ఇల్లు చేరి
కాళ్లయినా కడుక్కోకుండా
కొండెక్కి జెనరేటరు చూసుకుంది.
కింద ఆసుపత్రిలో నర్సు ఒకామె
పసివాడి ఎక్స్‌రే లిలోంగ్వేకి పంపుతోంది.
బొమ్మ వెళ్లిపోయింది.
ఎవరి అంకె మీద నడిచి వెళ్లిందో
ఎవరూ అడగలేదు.