పోతుతాడు, పరుపుతాడు

ఆరేండ్లు మైక్రోస్కోపు మీద వంగి
క్రోమోజోములు లెక్కబెట్టినదాన్ని.
ఇప్పుడు చిట్యాల అవతల తాటివనంల
నోట్‌బుక్కు పట్టుకొని నిలబడ్డ.

"ఇది పోతా, పరుపా?"
బుచ్చిరాములు మోకు సదురుకుంట నవ్విండు:
"పన్నెండేండ్లది. ఇంక పూయలే.
నాకేం ఎరుక, దానికే ఎరుక గాదు."

ఎడిటర్ ఫోను:
"నాలుగొందల పదాలు. ఆడనో మగనో తేల్చి రాయి."

ల్యాబుల ఒక స్లైడు ఉండె, నూటపదిహేడు.
ఒక్క మనిషి నెత్తురే,
కొన్ని కణాలది ఒక లెక్క, కొన్నిటిది ఇంకో లెక్క.
"కలుషితం" అని రాసి పక్కకు పెట్టమన్నడు గైడు.
పెట్టిన.
నా చేతిరాతే అది.

"ఏం రాస్తివి బిడ్డా, జర చదువు"
పైనుంచి కేకేసిండు బుచ్చిరాములు.

కాగితం మీద నూటపదిహేడు.
గంట సేపటి సంది
అంతే ఉన్నది.