మూత మీద బరువు

గొడుగు ఆ మూల ఆనించి లోపలికి రా, గయెతాన్.
బూట్లు విప్పనక్కర్లేదు,
ముప్పై ఒక్కేళ్లుగా ఈ గచ్చు
కాలవ బురద తాగుతూనే ఉంది.
సంతకాలు తర్వాత. కాగితాలకు ఆకలెయ్యదు.

నువ్వు పట్టుకుపోవాల్సిన ఇనప పిడి
అదుగో, పొయ్యి మీదుంది.
అవును, మూత మీదే.
నా నీలం గిన్నె మూత ఎప్పుడో వంకరపోయింది,
పైన బరువు లేకపోతే ఆవిరంతా ఇల్లు వదిలిపోతుంది.
పొద్దున లాకు తలుపులు తెరిచేదీ అదే,
మధ్యాహ్నం కూర మూత అదిమేదీ అదే.
మీ జాబితాలో దానికి ఒక్క పనే రాశారు.

లోపలున్నది కర్నల్.
నిరుడు మీ పై అధికారి పిక్క పట్టుకున్నాడే, ఆ పుంజే.
సోమవారం నుంచి నాకు కోల్మార్‌లో మూడో అంతస్తు.
అక్కడ తెల్లారుజామున కూస్తే
కింది ఇంటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారట.
ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నా,
వాడి పేరు కాలవ పొడుగునా నాకంటే ముందే నడిచింది.
నిన్న సాయంత్రం నేనే...
సరే, ఆ సంగతొద్దు.

ముదురు మాంసం.
వెన్నలో వేసి, ఎర్రబడే దాకా కదపలేదు.
చిన్న ఉల్లిపాయలు, గుప్పెడు పుట్టగొడుగులు,
తోటలో ఎవరూ అడగని థైమ్ రెమ్మ ఒకటి.
గిన్నె అడుగున గోధుమరంగున అంటుకున్నదాన్ని చూసి
మాడిందని కంగారు పడతారు కొత్తవాళ్లు.
అసలు రుచంతా అక్కడే ఉంటుంది, నాయనా.
చల్లటి తెల్ల వైను పొయ్యగానే
సుయ్యిమని అలిగి,
కాసేపటికి తనే మెత్తబడి పట్టు వదిలేస్తుంది.

వైను వెండలీన్‌ది. ఇసక పడవ వెండలీన్.
దాటినప్పుడల్లా గట్టు మీద ఒక సీసా పెట్టిపోయేవాడు,
పంతొమ్మిదేళ్లు, మాటా పలుకూ లేకుండా.
ఒక్కసారి, మంచు కమ్మిన రాత్రి,
ఏదో చెప్పబోయాడు.
లాకు నిండటానికి పదకొండు నిమిషాలు.
ఆ మనిషి పదో నిమిషంలో మొదలుపెట్టాడు!
పడవ పైకొచ్చేసింది,
వెనకాల ఇంకో రెండు దీపాలు,
నేను పిడి తిప్పాలి కదా.
పడవ అమ్మేశాడని చవితినాటి వానలో ఎవరో చెప్పారు... కాదు,
చవితి కాదు, పునీతుల పండగ మర్నాడు.
ఇది ఆఖరి సీసా.
సగం వాడికి పోశాను, కర్నల్‌కి.
సగం మనకి.

మీ పెట్టె ఆరు నిమిషాల్లో నింపుతుందటగా.
నింపనీ.

సెగ తగ్గించు. ఇంకా.
మంట ఉందా లేదా అని అనుమానం రావాలి.
చెవి దగ్గర పెట్టి విను,
బుడుంగు... బుడుంగు...
పడవ ఇంకా మలుపు దాటకముందే
గోడ వార నీళ్లు ఇలాగే గొణిగేవి.
ఆ చప్పుడుకే లేచి చొక్కా వేసుకునేదాన్ని.
గడియారం చూడకు. చూస్తే ఇంకా ఆలస్యంగా ఉడుకుతుంది.

ఊఁ, ఇప్పుడు.
గుడ్డ పట్టుకుని తియ్యి, కాలుతుంది!
అదీ.
చూశావుగా, నా చేతిలోంచి కాదు,
మూత మీంచి తీసుకున్నావు.
కాగితంలో అలాగే రాసుకో.
జిడ్డు అయిందా? అవనీ, తుప్పు పట్టదు.

మీగడ నేను పోస్తాను, నీ చెయ్యి వణుకుతోంది.
ఆ నూడుల్స్ ఇటందుకో.
తిను. వేడి మీదే బాగుంటుంది.

బయట ఏదో కదిలింది కదూ?
తలుపులు వాటంతట అవే తెరుచుకుంటున్నాయి కాబోలు.
నువ్వు లేవకు.
నేనూ లేవను.
రొట్టె ఇటు జరుపు, రసం చల్లారిపోతోంది.

అబ్బ,
మూడు గంటలు వైనులో నానినా
వీడి తొడ ఇంకా ఎదురు తిరుగుతూనే ఉంది, చూడు.